ఇంపోర్ట్ ఓన్లీ మార్కాపురం

పాత వీడియో గేములు పోగేసే అమెరికా వాళ్ళ మధ్య ఒక మాట బాగా వాడుకలో ఉంది. 'ఇంపోర్ట్ ఓన్లీ'. అంటే వాళ్ళ దేశంలో కంపెనీ వాళ్ళు ఎప్పుడూ అమ్మని ఆట అన్నమాట. కావాలంటే జపాన్ నించి తెప్పించుకోవాలి. వచ్చాక అది వాళ్ళ మెషీన్లో పట్టదు, ఎందుకంటే జపాన్ క్యాసెట్‌కి 60 పిన్నులు, అమెరికా క్యాసెట్‌కి 72. మధ్యలో ఒక అడాప్టర్ పెట్టుకోవాలి. ఇంత తతంగం ఉంది కాబట్టి వాటికి గిరాకీ, గొప్ప కూడా. నింటెండో వాళ్ళ ఆ పాత మెషీను (జపాన్‌లో ఫ్యామికామ్, అమెరికాలో ఎన్ఈఎస్) తాలూకు ఇంపోర్ట్ ఓన్లీ ఆటల లిస్టు ఒకటి ఆమధ్య తీరిగ్గా చదువుతూ కూర్చున్నాను. బ్యాటిల్ సిటీ. మ్యాపీ. నట్స్ అండ్ మిల్క్. బైనరీ ల్యాండ్. ఎఫ్-1 రేస్. యీ ఆర్ కుంగ్ ఫు. రోడ్ ఫైటర్. సర్కస్ చార్లీ. అంటార్కిటిక్ అడ్వెంచర్.

ఏందబ్బా ఇది, ఇది మార్కాపురం లిస్టు కదా!

సరిగ్గా చెప్పాలంటే మార్కాపురం, కంభం, బేస్తవారిపేట, గిద్దలూరు లిస్టు. తొంభైల్లో మా పశ్చిమ ప్రకాశంలో పెరిగిన పిలకాయలకి ఈ పేర్లు చదివితే ఏమీ వెలగదు, ఎందుకంటే ఈ పేర్లు మాకెవరూ చెప్పలేదు. స్క్రీన్ చూపించండి, వెంటనే చెప్తారు. బ్యాటిల్ సిటీ అంటే ట్యాంకుల ఆట. మ్యాపీ అంటే పిల్లీ ఎలకా. అంటార్కిటిక్ అడ్వెంచర్ అంటే పెంగ్విన్ పరుగు. రోడ్ ఫైటర్ మామూలుగా 'కారు', ఎఫ్-1 రేస్ 'ఇంకో కారు' :-) న్యూజెర్సీలో ఒక పెద్దమనిషి అడాప్టర్ పెట్టుకుని, తోటివాళ్ళకి చూపించుకుని మురిసిపోయే ఆట, మా బస్టాండు పక్క సందులో అరగంటకి రెండున్నర రూపాయలు.

దీని గురించి ఇంత ఇదిగా ఎందుకు రాస్తున్నానంటే, వీడియో గేముల చరిత్ర అని ఎక్కడ చదివినా ఒకటే కథ ఉంటుంది. అమెరికాలో అటారి, 1983లో ఆ మార్కెట్ కుప్పకూలడం, 1985లో నింటెండో వచ్చి నిలబెట్టడం, తర్వాత జెల్డా, మెట్రాయిడ్, ఆ తర్వాత సెగాతో పోటీ. మన తెలుగు ఇంజనీర్లు కూడా మాటల్లో అదే కథ చెప్తుంటారు, తమ చిన్నతనం కూడా అందులోనే ఉన్నట్టు. అది మన కథ కాదు. మనకి అటారి లేదు, కుప్పకూలడానికి అసలు మార్కెట్టే లేదు. మనకి దొరికింది వేరే. జపాన్ వాళ్ళు 1984, 85ల్లో ఇంట్లో వాళ్ళ కోసం చేసుకున్న చిన్న చిన్న ఆటలు, తైవాన్ మీదుగా, పదేళ్ళు ఆలస్యంగా, పేర్లు చెరిపేసి, కాస్త నెమ్మదిగా ఆడేవి. ఈ నాలుగు ముక్కల్లో ప్రతి దానికీ ఒక కారణం ఉంది. అది మనం రాసుకోవాలి. మన బదులు వేరేవాళ్ళు రాయరు.

ముందు మెషీను సంగతి. ఫ్యామికామ్ జపాన్‌లో 1983 జులై 15న వచ్చింది. దాంట్లో తాళం లేదు. అంటే ఏ క్యాసెట్ పెట్టినా ఆడుతుంది, ఇది కంపెనీ క్యాసెట్టేనా అని అడిగే చిప్పు లేదు. అమెరికా మెషీన్‌కి వచ్చేసరికి నింటెండో జాగ్రత్తపడి 10ఎన్ఈఎస్ అనే తాళం చిప్పు పెట్టింది. మెషీన్లో ఒకటి, క్యాసెట్‌లో ఒకటి, రెండూ మాట్లాడుకుని ఒప్పుకుంటేనే ఆట మొదలవుతుంది. కాబట్టి నకలు చెయ్యాలనుకున్న తైవాన్ వాళ్ళు ఏది ఎంచుకుంటారు? తాళం లేని దాన్నే. యూఎంసీ అనే తైవాన్ కంపెనీ ఫ్యామికామ్‌లోని రెండు ముఖ్యమైన చిప్పులకి నకళ్ళు తయారు చేసింది. వాటితో రకరకాల పేర్ల మీద పెట్టెలు వచ్చాయి. మన దేశంలో సమురాయ్, లిటిల్ మాస్టర్, మీడియా... మీలో చాలామందికి ఈ మూడింట్లో ఒక్కటైనా గుర్తుండాలి. పెట్టె జపాన్ రకం కాబట్టి దాంట్లో పట్టేది 60 పిన్నుల క్యాసెట్. అందుకని ఆటలూ జపాన్‌వే వచ్చాయి. ఎవరో కూర్చుని 'ఈ తెలుగు పిల్లలకి బ్యాటిల్ సిటీ ఇద్దాం' అని నిర్ణయించలేదు. ఒక చిప్పు లేకపోవడం వల్ల మన బాల్యం అటు తిరిగింది.

మా ఊరికి ఎలా వచ్చాయంటే, అప్పట్లో ఇలాంటి వస్తువులు దర్జాగా దిగుమతి చేసుకునే రోజులు కావు. వినియోగ వస్తువుల దిగుమతి మీద పరిమితులు ఎత్తేస్తూ ఎత్తేస్తూ, ఆఖరి విడత 715 వస్తువుల మీద ఎత్తేసింది 2001 ఏప్రిల్ 1న. అంతకుముందు ఎవరికి ఏం కావాలన్నా మద్రాసు బర్మా బజారో, గల్ఫ్ నించి వచ్చే చుట్టమో దిక్కు. మా అమ్మమ్మగారి ఊరు గిద్దలూరు. అక్కడ నేను మొదటిసారి చూసిన పెట్టె కడప వైపు బంధువులెవరో కువైట్ నించి వస్తూ తెచ్చింది. మార్కాపురం షాపు అన్న మాత్రం మద్రాసు నించి తెచ్చానని చెప్పేవాడు. ఆ అన్న దగ్గర రెండు టీవీలు, ఒకటి కలరు, ఒకటి పోర్టబుల్ బ్లాక్ అండ్ వైటు. కలరు గంటకి ఏడు రూపాయలు, బ్లాక్ అండ్ వైటు ఐదు. ఈ రెండు రూపాయల తేడా గురించి ఒక మాట చెప్పాలి. ట్యాంకుల ఆటలో ఇద్దరు ఆడితే ఒకరిది పసుపు ట్యాంకు, ఇంకొకరిది ఆకుపచ్చ. బ్లాక్ అండ్ వైట్‌లో రెండూ ఒకటే. మధ్యలో ఒక్క క్షణం చూపు తిప్పామా, ఇక ఎవరి ట్యాంకు ఏదో తెలీదు. పక్కవాడి గుండు మనకి తగిలితే చావం గానీ కాసేపు కదలకుండా నిలబడిపోతాం. ఈలోపు శత్రువు వచ్చి గద్దని కొట్టేస్తాడు. ఎన్ని స్నేహాలు చెడిపోయాయో ఆ రెండు రూపాయల దగ్గర!

(క్యాసెట్ అంటున్నానేంటి, కార్ట్రిడ్జ్ అనాలి కదా అని ఎవరైనా అంటారేమో. మా వైపు దాన్ని కార్ట్రిడ్జ్ అన్నవాణ్ణి నేను చూడలేదు. క్యాసెట్టే. పని చెయ్యకపోతే కింద ఊది మళ్ళీ పెట్టేది కూడా క్యాసెట్టే.)

మరి వందల జపాన్ ఆటల్లో ఈ పదీ ఇరవై మాత్రమే ఎందుకొచ్చాయి? ఇది మన వృత్తి వాళ్ళకి నచ్చే విషయం. సైజు! బ్యాటిల్ సిటీ మొత్తం, ప్రోగ్రాము 16 కేబీ, బొమ్మలు 8 కేబీ, కలిపి 24 కేబీ. 35 స్టేజీలు, స్టేజీకి 20 శత్రు ట్యాంకులు, శబ్దాలు, ఇద్దరు కలిసి ఆడే వీలు, స్టేజీలు మనమే కట్టుకునే ఎడిటర్, అన్నీ అందులోనే. మీరు చదువుతున్న ఈ టపా యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికీ గుణింతానికీ మూడేసి బైట్ల చొప్పున అంతకంటే ఎక్కువ తూగుతుంది :) సూపర్ మారియో 40 కేబీ. ఈ తొలితరం ఆటలకి క్యాసెట్‌లో అదనపు సర్క్యూటు అక్కర్లేదు, ఉత్త మెమరీ చిప్పు చాలు. తర్వాత తర్వాత ఆటలు పెద్దవయ్యాయి, మెమరీని ముక్కలుగా మార్చి చూపించే ప్రత్యేక చిప్పులు వచ్చాయి, ఆట దాచుకోవడానికి బ్యాటరీలు వచ్చాయి. నకలు చేసేవాడికి అవన్నీ ఖర్చు. వాడికి కావాల్సింది ఒక పెద్ద చౌక చిప్పులో వీలైనన్ని చిన్న ఆటలు కుక్కడం. కుక్కడానికి అనువైనవి 1984, 85 నాటివి. అందులోనూ భాష రాకపోయినా ఆడగలిగినవి. 1986లో వచ్చి జపాన్‌ని ఊపేసిన డ్రాగన్ క్వెస్ట్ మా ఊళ్ళో నేను చూడలేదు, చూసినా ఏం చేసేవాళ్ళం, జపాన్ అక్షరాలతో నిండిన డబ్బాలు చూస్తూ కూర్చోవడం తప్ప.

అమెరికా వాళ్ళకి ఇవే ఆటలు ఎందుకు అందలేదన్నదానికి నా లెక్క ఇది. అక్కడ మెషీను వచ్చింది 1985 చివర్లో. బయటి కంపెనీలు ఏడాదికి ఐదు ఆటలకి మించి అమ్మకూడదని నింటెండో నియమం పెట్టింది. ఐదే అవకాశాలున్నప్పుడు ఎవరైనా కొత్త సరుకు పంపుతారు గానీ రెండేళ్ళ పాతది పంపరు కదా. అంటే చిన్నవి, పాతవి అనే కారణంతోనే అవి అమెరికా వాళ్ళకి దూరమయ్యాయి, అదే కారణంతో మనకి దగ్గరయ్యాయి.

ఇక '9999999 ఇన్ 1' గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. పసుపు క్యాసెట్ మీద తొంభై తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలని రాసుండేది. లోపల ఉన్నవి ఐదో పదో. మిగతావన్నీ అవే ఆటలు వేరే పేర్లతో, వేరే స్టేజీ నించి మొదలయ్యేవి. మెనూ ప్రోగ్రాము ఆటలోకి దూకే ముందు మెమరీలో ఒక అంకె మార్చి వదిలేస్తుంది, అంతే. కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైను మార్చి కొత్త రిలీజ్ అని క్లయింటుకి పంపే విద్య మనం కనిపెట్టింది కాదన్నమాట!

ఇప్పుడు స్పీడు సంగతి. ఇది చాలామందికి తెలీదు. జపాన్, అమెరికా టీవీలు సెకనుకి 60 సార్లు బొమ్మ మారుస్తాయి, మన పాల్ టీవీలు 50 సార్లు. ఆ రోజుల్లో ఆటలు టీవీ లెక్క మీదే నడిచేవి, ఒక్కో బొమ్మకి ఒక్కో అడుగు. పాల్ టీవీల కోసం యూఎంసీ చేసిన చిప్పు చాలా తెలివైంది. జపాన్ ఆటలు తికమకపడకుండా లోపలి లెక్కలన్నీ అలాగే ఉంచి, సెకనుకి 50 మాత్రం చేసింది. దాంతో ఆట ఎక్కడా చెడదు, కానీ ఆరింట ఐదో వంతు స్పీడుతో నడుస్తుంది. సంగీతం కూడా. శ్రుతి దాదాపు అదే, తాళం మాత్రం నెమ్మది. జపాన్ పిల్లవాడికి 50 సెకన్లలో అయిపోయేది మనకి 60 సెకన్లు. షాపు లెక్కలో చెప్పాలంటే, గంటకి డబ్బు కట్టి యాభై నిమిషాల ఆట ఆడి వచ్చాం. షాపు అన్నకి కూడా ఈ సంగతి తెలిసుండదు పాపం.

2020లో నామ్కో వాళ్ళు తమ పాత ఆటలు కొన్ని కట్టగట్టి 'నామ్కో మ్యూజియం ఆర్కైవ్స్' అని రెండు భాగాలుగా అమ్మకానికి పెట్టారు. మ్యాపీ మొదటి భాగంలో, బ్యాటిల్ సిటీ రెండో భాగంలో. ఆట పుట్టిన ముప్ఫై ఐదేళ్ళకి దాని అసలు ఓనర్లకి నా డబ్బులు ముట్టాయి, అది తృప్తి. కానీ మ్యాపీ మొదలుపెట్టగానే మా ఆవిడ వంటింట్లోంచి, "ఏంటండీ, క్యాసెట్ స్పీడుగా తిరుగుతున్నట్టుంది?" అంది. ఆమెది నంద్యాల, ఆమె కూడా చిన్నప్పుడు ఇదే విన్నది. అదే అసలు స్పీడని కాగితం మీద లెక్క వేసి చూపించినా ఒప్పుకోలేదు. నిజానికి ఒప్పుకోవాల్సిన పని కూడా లేదు. సంగీతం చేసినవాళ్ళ తాళం ఒకటి, నంద్యాల్లో గిద్దలూరులో విన్న తాళం ఒకటి. రెండోది కూడా కొన్ని కోట్లమంది విన్నదే.

కోట్లమంది అని ఉబుసుపోక అనట్లేదు. కొన్నేళ్ళ కింద ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర చిన్నప్పటి ఆటల ప్రసక్తి వచ్చింది. మా టీమ్‌లో అమెరికా అతను జెల్డా గురించి చెప్పాడు. నేను బ్యాటిల్ సిటీ అన్నాను. అతనికి తెలీదు. నేను పేపరు నేప్‌కిన్ మీద కింద గద్ద, దాని చుట్టూ ఇటుకలు, పైన మూడు ట్యాంకులు గీసి చూపించాను. అయినా తెలీదు. ఎదురు బల్ల దగ్గర ఒక రష్యన్ టెస్టరు కూర్చునుంది, అంతవరకూ మాతో రెండు ముక్కలకి మించి మాట్లాడి ఎరగదు. లేచొచ్చి నేప్‌కిన్ చూసి "టాంచికి!" అని గట్టిగా అరిచినంత పని చేసింది. వాళ్ళ భాషలో బుల్లి ట్యాంకులని అర్థంట. ఇక ఆ రోజు ఆమెకీ నాకూ మాటలు ఆగలేదు. ఆమె ఊరు ఉరల్ పర్వతాల దగ్గర, నాది నల్లమల దగ్గర. పార దొరికితే గద్ద చుట్టూ ఇటుకలు ఉక్కుగోడ అవుతాయని, మూడు నక్షత్రాలు తింటే మన గుండుకి ఉక్కు కూడా పగులుతుందని, గడియారం తింటే శత్రువులు ఆగిపోతారని ఇద్దరికీ తెలుసు. మధ్యలో అమెరికా అతను, తన దేశంలో తనే పరాయివాడిలా చూస్తూ కూర్చున్నాడు.

రష్యాలో ఈ నకలు పెట్టె పేరు 'డెండీ'. స్టీప్లర్ అనే కంపెనీ 1992లో అమ్మకం మొదలుపెట్టింది, గుర్తు ఏనుగు బొమ్మ. పోలండ్‌లో 'పెగసస్'. పెట్టెలు తైవాన్ సంతతే, ఆటలు అవే. అంటే 'ఇంపోర్ట్ ఓన్లీ' అనేది అమెరికా గుమ్మంలో నిలబడి చూస్తే కనిపించే మాట. మార్కాపురం గుమ్మంలోంచి చూస్తే జెల్డాయే ఇంపోర్ట్ ఓన్లీ.

ఇక్కడ మా మిత్రుడొకడి అభ్యంతరం చెప్పాలి. ఒంగోలు వాడు, సాఫ్ట్‌వేర్ లైసెన్సుల పనిలోనే ఉన్నాడు. "దొంగ సరుక్కి చరిత్రేందిరా? ఇవాళ ఎవడన్నా మన కోడ్ ఎత్తుకుపోతే ఊరుకుంటావా?" అంటాడు. వాడి మాటలో బలముంది. మన దేశంలో 1984 సవరణతోనే కంప్యూటర్ ప్రోగ్రాములు కాపీరైట్ చట్టం కిందకి వచ్చాయి, 1994 సవరణతో వాటిని అద్దెకిచ్చే హక్కు కూడా హక్కుదారుడిదేనని రాశారు. మా షాపు అన్నకి ఈ సంగతులేవీ తెలీవు, మాకు అంతకన్నా తెలీదు. దొంగ సరుకు కాదని నేను అనను. అయితే డబ్బు విషయంలో నాకంత బాధ లేదు. మార్కాపురంలో అసలు సరుకు అమ్మే కొట్టు ఒకటుంటే దాని వ్యాపారం పోయిందనుకోవచ్చు. అలాంటి కొట్టు మార్కాపురంలోనే కాదు, హైదరాబాద్‌లో వెతికినా దొరికేది కాదు. నాకు కొరుకుడుపడనిది పేర్లు చెరపడం. మొదటి స్క్రీన్ మీద కంపెనీ పేరు, సంవత్సరం ఉండే చోట చాలా క్యాసెట్లలో నల్లగా తుడిచేసి ఉండేది. ట్యాంకుల ఆటకైతే పేరే మార్చేసి 'ట్యాంక్ 1990' అన్నారు, కొన్ని హంగులు చేర్చి. మీరు ఏడాది కష్టపడి రాసిన కోడ్‌ని వేరేవాడు తన పేరు మీద చెక్-ఇన్ చేస్తే ఎట్లా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. జీతం తగ్గినా మర్చిపోతాం, అది మర్చిపోం.

బ్యాటిల్ సిటీ రాసినవాళ్ళకి మాత్రం ఇలాంటిదేదో జరుగుతుందని తెలిసినట్టే ఉంది. అసలు ప్రోగ్రాము లోపల, ఆటలో ఎక్కడా కనిపించని చోట, మూడు పేర్లున్నాయి. ర్యోయిచి ఓకుబో, తకెఫుమి హ్యోడో, జుంకో ఒజావా. చివరి ఆవిడ సంగీతం చేసింది. ఆట ఆఖర్న పేర్లు వెయ్యడం అప్పటికింకా అంత అలవాటు కాలేదు, అందుకని మనవాళ్ళు కామెంట్లలో పేరు దాచుకున్నట్టు దాచుకున్నారు. ఇంకోటి కూడా ఉంది. స్టేజీలు కట్టుకునే కన్‌స్ట్రక్షన్ మోడ్‌లోకి వెళ్ళి, బయటికి వచ్చి, కొన్ని మీటలు ఇన్నిసార్లని లెక్క ప్రకారం నొక్కితే ఒక సందేశం వస్తుంది. ఈ ప్రోగ్రాము రాసింది నొరికోని ప్రేమించే ఓపెన్-రీచ్ అని. ఓపెన్-రీచ్ మారుపేరు. నొరికో ఎవరో లోకానికి అక్కర్లేదు. 24 కేబీలో ఒక్కో బైటు పొదుపు చేసుకుంటూ, ఆ పొదుపు చేసిన దాంట్లో ఒక ప్రేమలేఖకి చోటు మిగుల్చుకున్నాడు మహానుభావుడు!

మేం కన్‌స్ట్రక్షన్ మోడ్‌లో ఎన్ని గంటలు గడిపామో లెక్కలేదు. పదమూడు అడ్డం, పదమూడు నిలువు గళ్ళు. మా పక్కింటి రవణ స్టేజీ నిండా ఉక్కు కట్టి, శత్రువులకి దారి లేకుండా చేసి, "ఇప్పుడు రండ్రా" అని చేతులు కట్టుకుని కూర్చునేవాడు. నేను మా ఊరి చెన్నకేశవస్వామి గుడి ప్రాకారం కట్టబోయాను, గళ్ళు చాల్లేదు. కరెంటు పోతే అన్నీ పోయేవి, కరెంటు రోజూ పోయేది. చిన్నప్పుడు మా చేతికొచ్చిన మొదటి ఎడిటర్ అదే. అదే మెనూ వెనక రెండు మూడు మీటల దూరంలో ఆ ఉత్తరం ఉందని ఎవరూ చెప్పలేదు. చెప్పేవాడి పేరే తుడిచేశారు కదా.

మాది పలకల ఊరు. మార్కాపురం పలకరాయి గచ్చు కోసం, గోడల కోసం విదేశాలకి పోతుంది, ఏ ఇంట్లో ఉన్నా దాని మీద తొలిచినవాడి పేరుండదు. రాయికి పేరుండదు సరే. ప్రోగ్రాముకి ఉంటుంది, వెతికితే దొరుకుతుంది కూడా, ఇందాక మూడు పేర్లు రాశాను చూడండి.

ఇక అసలు నన్ను ఈ టపా రాయడానికి కూర్చోబెట్టిన విషయం. పాత ఆటలు కంప్యూటర్‌లో ఆడించే ఎమ్యులేటర్లలో, ఎఫ్‌సీఈయూఎక్స్ గానీ మెసెన్ గానీ తీసుకోండి, ఏ ప్రాంతపు మెషీనులా నడవాలో ఎంచుకునే చోట మూడు ముఖ్యమైన పేర్లు కనిపిస్తాయి. ఎన్‌టీఎస్‌సీ, అంటే జపాన్, అమెరికా. పాల్, అంటే యూరప్‌లో నింటెండో అమ్మిన మెషీను. మూడోది డెండీ. ఆ మూడోది నొక్కితే అచ్చం నా మార్కాపురం వినిపిస్తుంది. మా ఆవిడ కూడా "ఇదీ కరెక్టు" అంది. మన దేశంలో, పాకిస్తాన్‌లో, ఇంకా ఎన్నో దేశాల్లో ఆ చిప్పుతో ఆడుకున్న వాళ్ళందరి బాల్యానికీ ఇవాళ సాంకేతికంగా ఉన్న పేరు ఒక రష్యన్ బ్రాండు పేరు. ఎందుకంటే రష్యా వాళ్ళు పట్టుబట్టి రాసుకున్నారు. ఏ పెట్టెలో ఏ చిప్పు, ఏ క్యాసెట్‌లో ఏ మెనూ, ఏ ఆటలో ఏం మార్చారు, అన్నీ విప్పి, ఫొటోలు తీసి, చర్చించి పెట్టారు. ప్రపంచానికి డాక్యుమెంటేషన్ రాసిపెట్టే ఉద్యోగాలు చేస్తున్న మనం మాత్రం 'ఆహా ఆ రోజులే వేరు' అని నిట్టూర్చి ఊరుకున్నాం. వాళ్ళ మీద నాకు అసూయ తప్ప కోపం లేదు. రాసినవాడి పేరే నిలుస్తుంది, అది న్యాయమే.

కాబట్టి ఈసారి సంక్రాంతికి ఊరెళ్తే అటక ఎక్కండి. పెట్టె పని చెయ్యకపోయినా పారెయ్యనివ్వకండి. కింద స్టిక్కరు, వెనక అడాప్టర్ ఓల్టేజీ, క్యాసెట్ రెండు వైపులా ఫొటోలు తియ్యండి. నాలుగు స్క్రూలు విప్పడం వస్తే లోపల చిప్పుల మీది నంబర్లు రాసుకోండి. యూఏ6527పీ, యూఏ6538 అని కనిపిస్తే అదే నేను చెప్పిన నెమ్మది రకం. చిప్పుల బదులు నల్లటి లక్క బొట్టులాంటిది ఉంటే అది తర్వాత కాలపు చౌకరకం, అది కూడా రాయండి. క్యాసెట్ ఆడితే మెనూ లిస్టు మొత్తం, అచ్చుతప్పులతో సహా, ఉన్నదున్నట్టు దింపండి. ఆ అచ్చుతప్పులని బట్టే ఏ ఫ్యాక్టరీ సరుకో పోల్చుతారు. ఇదంతా చెయ్యడానికి ఎవరి హక్కులకీ భంగం లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. చిప్పుల్లోంచి ప్రోగ్రాము బయటికి తియ్యడం, పంచడం వేరే సంగతి, దాని జోలికి నేను పోవట్లేదు. మా ఒంగోలు మిత్రుడు కూడా చదువుతాడు.

అంతకంటే ముఖ్యంగా, షాపులు నడిపినవాళ్ళని కదిలించండి. మా మార్కాపురం అన్న ఇప్పుడు సెల్‌ఫోన్ రీచార్జీలు, చార్జర్లు అమ్ముతున్నాడు. పోయిన వేసవిలో వెళ్ళి అడిగాను. "ఆ పెట్టెలా? ఎప్పుడో పాతసామాన్ల వాడికి వేశాను తమ్ముడూ, కేజీల లెక్కన," అన్నాడు. కానీ ఏ సంవత్సరం మొదలుపెట్టాడో, మద్రాసులో ఏ వీధిలో కొన్నాడో, ఒక్కో క్యాసెట్ ఎంత పడిందో, ఎండాకాలం సెలవల్లో రోజుకి ఎంత వచ్చేదో అన్నీ చెప్పాడు. రెండు గంటలు రాసుకున్నాను. ట్యాంకుల ఆటకి నిజం పేరు బ్యాటిల్ సిటీ అని చెప్తే, "అట్నా? మాకు 'ట్యాంకు' అని అడిగితేనే పెట్టేవాళ్ళం," అని నవ్వాడు.

నా దగ్గర ఇప్పటికి మార్కాపురం షాపు ఒకటి, గిద్దలూరు ఇంటి పెట్టె ఒకటి రాసిపెట్టుకున్నవి ఉన్నాయి. కంభం, బేస్తవారిపేట, తర్లుపాడు, దోర్నాల, యర్రగొండపాలెం వైపు వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. షాపు ఎక్కడుండేది, గంటకి ఎంత, పెట్టె మీద ఏం పేరు, ఏ ఆటని మీరు ఏమని పిలిచేవాళ్ళు. ముఖ్యంగా సర్కస్ చార్లీలో సింహం మీద ఎక్కి మంటల రింగులు దూకే ఆ పిల్లాణ్ణి. మార్కాపురంలో వాడు 'జోకర్', గిద్దలూరులో మా మామయ్య కొడుకులు 'సింహం గాడు' అనేవాళ్ళు. కంభంలో ఏమనేవాళ్ళో?